బడిలో హుయి, అడవిలో రాహుయి

తప్పు చేసిన విద్యార్థిని శిక్షించి ఊరుకోకుండా, ఆ తప్పు వల్ల ఎవరు నొచ్చుకున్నారో, జరిగిన నష్టాన్ని పూడ్చే బాధ్యత ఎవరిదో నలుగురి సమక్షంలో తేల్చి, తెగిన సంబంధాన్ని తిరిగి నిలబెట్టే పద్ధతిని విద్యావేత్తలు పునరుద్ధరణ విధానం అంటారు. ఇది లోకమంతటా వ్యాపించడంలో న్యూజిలాండ్ పాత్ర పెద్దది. తప్పుదారి పట్టిన బాలల విషయంలో బంధువర్గమంతా కూర్చుని నిర్ణయం చేసే సమావేశాలకు ఆ దేశం 1989లో చట్టంలో చోటు కల్పించింది; ఆ చట్టం వెనుక అక్కడి మూలవాసులైన మావోరీల ఆచారమూ, తమ పిల్లలను తమవారి నుంచి వేరుచేస్తున్న సంక్షేమ వ్యవస్థపై వారి నిరసనా ఉన్నాయి. 1990ల చివర వైకాటో విశ్వవిద్యాలయ బృందం ఈ ఆలోచనను పాఠశాలల్లో ప్రయోగించింది.

మావోరీ పద్ధతిలో దీనిని ‘హుయి ఫకతికా’, అనగా సరిదిద్దే సమావేశం, అంటారు. ప్రార్థనతో, పలకరింపులతో మొదలై, తల్లిదండ్రులే కాక తాతలు, మేనత్తలు కూడా తమ మాట చెప్పాక, అందరూ కలిసి భుజించడంతో అది ముగుస్తుంది. ఎవరి ‘మనా’, అంటే పరువు ప్రతిష్ఠలు, దెబ్బతినకుండా ఒప్పందం కుదరడమే అక్కడ ముఖ్యం.

అయితే మావోరీల బంధుత్వం మనుషులతో ఆగదు. ‘ఫకపాపా’ అనే వంశక్రమంలో కొండలు, నదులు, చెట్లు కూడా పూర్వీకులే. అందుకే వాంగనుయి నదిని 2017లో చట్టం ఒక వ్యక్తిగా గుర్తించి, దాని తరఫున మాట్లాడేందుకు ఇద్దరు ప్రతినిధులను ఏర్పాటు చేసింది.

ఆక్లండ్ చెంతనున్న వైటాకెరె అడవిలో ఈ భావన ఆచరణలో కనిపించింది. వేయేళ్లకు పైబడి బతకగల కౌరి చెట్లను నేలలోని ఒక సూక్ష్మజీవి వేళ్ల నుంచి చంపుతుంది. బూటుకు అంటిన చిటికెడు మట్టి చాలు, ఆ తెగులు మరో చెట్టుకు చేరడానికి. పూర్తిగా నయంచేసే మందు లేకపోవడంతో, అక్కడి తే కావెరౌ ఆ మాకీ తెగవారు 2017 డిసెంబరులో అడవిపై ‘రాహుయి’ విధించారు. నేల, నీరు కోలుకునేదాకా మనుషులు దూరంగా ఉండాలనే కట్టుబాటు అది. కొత్త పండుగ చేయనిదే మామిడికాయ ముట్టని మన్యం గిరిజనుల నియమం ఎరిగినవారికి అందులో వింత తోచదు. చట్టబలం లేని ఆ మాటను అనుసరించి నగరపాలక మండలి 2018లో అడవిలో అధిక భాగాన్ని మూసివేసింది. తెరిచిన బాటల మొదట్లో ఇప్పుడు బ్రష్షుతో బూట్ల మట్టి రుద్ది, క్రిమిసంహారక ద్రవం చల్లుకున్నాకే లోపలికి అడుగుపెట్టాలి.

బడి నుంచి ఆ అడవికి వెళ్లి బ్రష్షు పట్టిన పిల్లలకు అక్కడ ఎదురయ్యేవి హుయిలో అడిగే ప్రశ్నలే: ఎవరికి హాని జరిగింది, ఎవరు దిద్దాలి? సమావేశంలో పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడాన్ని మాత్రమే అరువు తెచ్చుకుని, నేలతో బంధుత్వాన్ని వదిలేసే పాఠశాల ఈ సంప్రదాయంలో సగమే నేర్చుకున్నట్టు. పైగా ఆ జ్ఞానం పాఠ్యపుస్తకంలోకి ఎత్తిరాసుకునే సరుకు కాదు, ఆ నేలను కాచుకుంటున్న తెగకు చెందినది. కనుక ఉపాధ్యాయులు ముందు ఆ తెగ పెద్దల అనుమతి అడగాలి, ఏది బోధించాలో, ఏది బోధించకూడదో నిర్ణయించే అధికారాన్ని వారికే వదలాలి.