రాజీనామా రాసేముందు...

ఢిల్లీలో ఓ విద్యుత్తు సంస్థ ఉద్యోగి కథ ఇది. 1968లో దినసరి కూలీగా చేరాడు. మూడేళ్ల తరవాత ప్యూనుగా పర్మినెంటయ్యాడు. 1990 జులైలో ‘రాజీనామా చేస్తున్నాను’ అంటూ ఓ కాగితం రాసిచ్చాడు. మూడు రోజుల్లో ఆమోదించేశారు. ఆ తరవాత పింఛను అడిగితే సంస్థ కుదరదంది. ఇరవై ఏళ్ల సర్వీసు నిండలేదు, పైగా చేసింది రాజీనామా అన్నది దాని వాదన. ఆయన కోర్టుకెక్కాడు. ఢిల్లీ హైకోర్టులో గెలిచాడు కూడా. కానీ 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రాజీనామా వేరు, స్వచ్ఛంద పదవీ విరమణ వేరు. రాజీనామా చేస్తే అంతవరకూ చేసిన సర్వీసు పోయినట్టేనని తేల్చేసింది. కాగితం రాసిచ్చిన ఇరవై తొమ్మిదేళ్లకు వచ్చిన జవాబది!

పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు- అని 1982 డిసెంబరు 17న ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా ఆ రోజున పింఛనుదారుల దినోత్సవం జరుపుకునేది అందుకే. అయితే ఆ హక్కు సర్వీసుతో ముడిపడినది. సర్వీసే చెల్లకపోతే అడగడానికి ఏమీ మిగలదు. కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనల్లో 26వ నిబంధన ఆ మాటే చెబుతుంది. 1972 నాటి నిబంధనల స్థానంలో 2021లో కొత్తవి వచ్చినా ఆ అంకె మారలేదు, అందులోని సారమూ మారలేదు.

ఇరవై ఏళ్లు నిండాయా?

పాత పింఛను ఉన్నవాళ్లంతా దాదాపుగా 2004కి ముందు చేరినవాళ్లే. కేంద్రంలో ఆ ఏడాది జనవరి 1న, ఆంధ్రప్రదేశ్‌లో సెప్టెంబరు 1న కొత్త విధానం మొదలైంది. కాబట్టి వీళ్లలో చాలామందికి ఇరవై ఏళ్లు ఎప్పుడో నిండిపోయాయి. ఇరవై ఏళ్ల అర్హ సర్వీసు ఉంటే మూడు నెలల ముందు నోటీసిచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చు, పింఛను వస్తుంది. అదే ఉద్యోగి అదే రోజున, ‘మంచి అవకాశం వచ్చింది, రాజీనామా ఆమోదించండి’ అని రాస్తే? రాదు. ఇంటికెళ్లేది ఒకే గుమ్మంలోంచి. తేడా అల్లా కాగితం మీది మాటే. ఇన్నేళ్లు చేశాం కదా, ఏదోలా రిటైర్మెంటుగానే చూస్తారులే అనుకోవడం పొరపాటు. పై కేసులో జరిగింది అదే.

గవర్నమెంటు నుంచి గవర్నమెంటుకి

ఇక ఒక ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి మరో ప్రభుత్వ ఉద్యోగం తెచ్చుకునేవాళ్లు. మన దగ్గర వీళ్లకి కొదవలేదు. టీచరుగా చేరి గ్రూప్స్ రాసేవాళ్లూ, క్లర్కుగా చేస్తూనే సివిల్స్‌కి చదివేవాళ్లూ ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. వీళ్లూ పాత కొలువు వదలాలంటే రాజీనామా ఇవ్వాల్సిందే. కాకపోతే దాన్ని ‘టెక్నికల్ రెజిగ్నేషన్’ అంటారు. కేంద్ర సిబ్బంది శాఖ దీనికి సంబంధించిన ఆదేశాలన్నిటినీ 2016 ఆగస్టులో ఒకచోట చేర్చింది. దరఖాస్తు తన ఆఫీసు ద్వారా వెళ్లి ఉండాలి. ఫలానా కొత్త ఉద్యోగంలో చేరడానికే వదులుతున్నట్టు ఉత్తరంలో రాయాలి. ఆమోదించే ఉత్తర్వులోనూ, సర్వీసు పుస్తకంలోనూ ఆ సంగతి నమోదు కావాలి. అప్పుడు పాత సర్వీసు కొత్తదానికి కలుస్తుంది. సంపాదించుకున్న సెలవులూ వెంట వస్తాయి, జీతం తగ్గకుండా రక్షణ ఉంటుంది. క్యాజువల్ లీవులు మాత్రం రావు.

మరి ఈ ఉద్యోగంలో చేరకముందే రాసిన పరీక్ష ఫలితం చేరాక వస్తే? నిరుద్యోగంలో ఉన్న కుర్రాడు నాలుగైదు పరీక్షలు రాసి, ముందొచ్చినదాంట్లో చేరడం మామూలే. కేంద్రం దీనికీ దారి చూపింది. చేరే రోజునే ‘ఫలానా ఫలానా పోస్టులకు దరఖాస్తు చేసి ఉన్నాను’ అని రాతపూర్వకంగా తెలపాలి. రాజీనామా ఇచ్చేటప్పుడు మళ్లీ ఆ విషయం గుర్తుచేస్తూ టెక్నికల్ రెజిగ్నేషన్‌గా పరిగణించమని కోరాలి. కొత్త ఉద్యోగం వచ్చిన హడావుడిలో చాలామంది మొదటి కాగితమే మర్చిపోతారు. ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసి, సెలక్టయ్యాక ‘వ్యక్తిగత కారణాలవల్ల’ అని రాసేవాళ్లదీ ఇదే అవస్థ. ఆఫీసులో గుట్టుగా ఉంచుదామనుకున్న మాట పదేళ్ల సర్వీసును మింగేస్తుంది.

కొత్త పింఛనులో ఉన్నవాళ్లకి ఇంత భయం అక్కర్లేదనిపిస్తుంది. నిజమే, పన్నెండంకెల ప్రాన్ నంబరు మీద పోగైన డబ్బు ఎటు వెళ్లినా వాళ్లదే. కొత్త ఆఫీసులో రెండో ఖాతా తెరవకుండా పాత నంబరే ఇవ్వాలి. కానీ గ్రాట్యుటీ దగ్గర మళ్లీ రాజీనామా అడ్డొస్తుంది. టెక్నికల్ కాకపోతే పాత సర్వీసు లెక్కలోకి రాదు. 2025 ఏప్రిల్ 1న కేంద్రం తెచ్చిన ఏకీకృత పింఛను పథకం ఎంచుకున్నవాళ్లకైతే, రాజీనామా చేస్తే హామీ పింఛనే లేదు.

స్టీల్ ప్లాంటు నుంచి కంపెనీకి

విశాఖ స్టీల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ, ప్రైవేటు కంపెనీల్లోనూ ఉన్నది 1995 నవంబరులో మొదలైన ఉద్యోగుల పింఛను పథకం. ఇక్కడ రాజీనామాతో ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఫారం 10సీ తోనే. ఉద్యోగం మారగానే పీఎఫ్‌తోపాటు పింఛను సొమ్మూ తీసేసుకోవడం అలవాటు. పెళ్లి ఖర్చో, ఇంటి అడ్వాన్సో ఎదురుగా ఉంటే మనసాగదు మరి. లెక్క చూడండి. ఒకచోట తొమ్మిదేళ్లు, మరోచోట ఆరేళ్లు చేశారనుకుందాం. మొదటి తొమ్మిదేళ్ల సొమ్ము తీసేస్తే మిగిలేది ఆరేళ్లే. పింఛనుకి పదేళ్లు కావాలి కాబట్టి ఏమీ రాదు. తీయకుండా బదిలీ చేయించుకుంటే పదిహేనేళ్లు. 15 వేల రూపాయల జీతం పరిమితి మీద, పదిహేనుతో హెచ్చవేసి 70తో భాగిస్తే యాభై ఎనిమిదో ఏట నుంచి నెలకు సుమారు 3,214 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ జీవితాంతం వస్తుంది, ఆ తరవాత భార్యకో భర్తకో అందులో సగం అందుతుంది. వెంటనే మరో ఉద్యోగం లేకపోతే అదే ఫారం 10సీ లో డబ్బుకి బదులు ‘స్కీమ్ సర్టిఫికెట్’ అడగాలి. మధ్యలో ఖాళీ ఉన్నా పాత ఏళ్లు అలాగే ఉంటాయి.

సర్కారీ కొలువుకి రాజీనామా ఇచ్చేశాక నాలుక్కరుచుకున్నవాళ్లకి కేంద్ర నిబంధనల్లో ఒక చిన్న వెసులుబాటుంది. ఉద్యోగం వదిలిననాటి నుంచి తిరిగి చేరేనాటికి తొంభై రోజులు దాటకుండా, ఆ పోస్టు ఖాళీగా ఉంటే, ఉపసంహరించుకుంటానని అడగవచ్చు. పరిస్థితులు మారాయని ప్రభుత్వాన్ని ఒప్పించాలి. అయితే ప్రైవేటు కంపెనీలోనో, ప్రభుత్వ రంగ సంస్థలోనో చేరడానికి రాజీనామా చేసినవాళ్లకి మాత్రం ఆ తలుపూ తెరవరు.