చైనా కషాయంతో రొమ్ము కాన్సర్ కరుగుతుందా?

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి వుండదు. నొప్పి లేదు కదా అని కొన్నాళ్ళు వూరుకుంటారు. చివరికి డాక్టరు గారు ముక్క తీసి పరీక్షకు పంపి, కాన్సర్ అని తేలుస్తారు. ఆపరేషన్ అంటే భయం. జుట్టు రాలుతుందట, వాంతులవుతాయట అని కీమోథెరపీ అంటే అంతకన్నా భయం. సరిగ్గా ఆ సమయంలోనే బంధువుల్లో ఎవరో ఒకరు, "చైనాలో ఇలాంటి గడ్డలకు కత్తి పెట్టరట, మూలికల కషాయంతో కరిగించేస్తారట" అంటారు. ఆ మాట ఎంత చల్లగా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

చైనాలో నిజంగా జరిగేదేమిటో ముందు తెలుసుకుందాం. అక్కడి పాత వైద్యులకు ఈ జబ్బు బాగా తెలుసు. రాయిలా గట్టిగా తగులుతుంది కనుక "రొమ్ము రాయి" అని పేరు పెట్టారు. మనకు వాత పిత్త కఫాలు ఎలాగో వాళ్ళకు "చీ" అనే ప్రాణశక్తి అలాగ. దిగులు, కోపం లోపల అణచుకోవడం వల్ల ఆ శక్తి ఎక్కడికక్కడ నిలిచిపోయి గడ్డ కడుతుందని వాళ్ళ సిద్ధాంతం. పది పన్నెండు మూలికలు తూచి, మట్టికుండలో కాచి, రోజుకు రెండు పూటలా తాగిస్తారు. ఇదంతా నిజమే. కాని నేడు చైనా పెద్దాసుపత్రుల్లో రొమ్ము కాన్సర్‌కు చేసేది ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ, హార్మోను మాత్రలే. నీరసం, వికారం తగ్గడానికని కషాయాన్ని వాటితోపాటు ఇస్తారు. వాటికి బదులుగా కాదు. మన దాకా వచ్చే కబురులో ఈ ఒక్క ముక్కే జారిపోతూ వుంటుంది.

పోనీ, ఆ నీరసమైనా తగ్గుతుందా? కీమోథెరపీ బాధలకు ఈ మూలికలు ఏ మేరకు పనిచేస్తాయో 2007లో కాక్రేన్ సంస్థ వారు పరిశీలించారు. దొరికినవి 7 ప్రయోగాలు, అందులో 542 మంది రోగులు. కొంత మేలు కనిపించినా, గట్టిగా చెప్పడానికి ఆ ఆధారం చాలదన్నారు. మూలికలనే నమ్ముకుని వైద్యం మానేస్తే ఏమవుతుందో మాత్రం ఇంతకన్నా స్పష్టంగా తెలుసు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారు 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. కాన్సర్ ఇంకా దూరపు అవయవాలకు పాకని దశలోనే మామూలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయ వైద్యాలకు వెళ్ళినవారిని, చికిత్స చేయించుకున్నవారితో పోల్చి చూశారు. రొమ్ము కాన్సర్‌లో చావు ప్రమాదం అయిదు రెట్లకు పైగా వుంది. వారంతా చైనా మందులే వాడారని కాదు. కాని ఏ మందు వాడుతూ ఆలస్యం చేసినా గడ్డ ఆగి వుండదు కదా!

అలాగని చైనా మూలికల్లో ఏమీ లేదనడం కూడా తప్పే. ఆ దేశంలో పెరిగే "ఆనందవృక్షం" అనే చెట్టు బెరడు, కొయ్యల నుంచి మన్రో వాల్, భారతదేశంలో పుట్టిన మన్సుఖ్ వాణీ, వారి సహచరులు కలిసి 1966లో కాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. కాన్సర్ కణాలను అది చంపింది. నేరుగా రోగులకు ఇచ్చి చూస్తే మూత్రాశయం దెబ్బతిని రక్తం పడింది! 1970లలో ఆ ప్రయోగాలు ఆపేశారు. తరవాత ఆ పదార్థాన్ని మార్చి మార్చి, చివరకు దానినుంచి పుట్టిన ఒక రూపాన్ని కాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే ప్రతిరక్షకానికి అతికించారు. సాసిటుజుమాబ్ గోవిటెకాన్ అనే ఆ ఇంజక్షన్‌కు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. హార్మోను మందులకు లొంగని ఒక మొండిరకం రొమ్ము కాన్సర్‌లో వాడుతున్నారు. చెట్టు నుంచి సూది దాకా 54 ఏళ్ళు పట్టింది. ఆ బెరడే తెచ్చి ఇంట్లో కాచి తాగితే విషం తాగినట్టే. మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి కూడా కాన్సర్ మందులు తీశారు. ఆకు నూరి మింగమని ఏ డాక్టరూ చెప్పడు.

"మూలికలు కదా, మేలు చేయకపోయినా కీడు చేయవు" అనే మాట నాకు అసలు నచ్చదు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి చైనా మూలికలు వాడిన స్త్రీలలో సుమారు నూరుమందికి మూత్రపిండాలు పాడయ్యాయి. పేర్లు దగ్గరగా వుండడంతో ఒక మూలికకు బదులు మరొకటి పడింది. వారిలో కొందరికి తరవాత మూత్రనాళాల్లో కాన్సరే పుట్టింది. అమెరికాలో ప్రోస్టేటు కాన్సర్‌కని అమ్మిన పి.సి. స్పెస్ అనే మూలికల మందులో రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వంటి ఇంగ్లీషు మందులు కలిసి వున్నాయని బయటపడి, 2002లో వెనక్కి తీసుకున్నారు.

రొమ్ము కాన్సర్ రోగులు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసింది డాంగ్ క్వాయ్ అనే వేరు విషయంలో. బహిష్టు బాధలకు చైనావారు వాడే మందు ఇది. ఈస్ట్రోజెన్ హార్మోనులా పనిచేయవచ్చునని అనుమానం వుంది. చాలామంది రొమ్ము కాన్సర్ ఆ హార్మోను మీదే పెరుగుతుంది. పైగా వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం భయం. జిన్‌సెంగ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. కషాయాల్లో తరచు పడే అతిమధురం ఎక్కువయితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. టామాక్సిఫెన్ మాత్ర కాలేయంలో మార్పు చెందాకే బాగా పనిచేస్తుంది. ఆ మార్పుకు ఏ కషాయం అడ్డుపడుతుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం.

ఇప్పటికే ఏదైనా వాడుతున్నారా? అయితే దాచకండి. తిడతారేమోనని చాలామంది డాక్టరుకు చెప్పరు. సీసా, పొట్లం, చీటీ అన్నీ తీసుకువెళ్ళి చూపించండి. ఆపరేషన్ తేదీ నిర్ణయం కాగానే తప్పకుండా చెప్పాలి, కొన్నింటిని ముందుగానే ఆపవలసి వుంటుంది. వాంతులకు, తెల్లకణాలు తగ్గడానికి ఈనాడు మంచి మందులున్నాయి, అడిగి రాయించుకోండి. కీమోథెరపీ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది రాత్రయినా సరే, కషాయం కాచుకుంటూ కూర్చోక ఆసుపత్రికి వెళ్ళండి. పైన ఏం రాసి వుందో మీకూ, మీ డాక్టరుకూ చదవడం రాని పొట్లాన్ని మాత్రం విప్పకండి.