చెరువు దగ్గర పిల్లలకు ఏం చూపిస్తున్నాం?

ములుగు జిల్లా పాలంపేటకు వచ్చే స్కూలు బస్సుల కార్యక్రమం దాదాపు ఒకేలా ఉంటుంది. రామప్ప గుడి, మదనికల ముందు ఫొటోలు, నీళ్లలో తేలే ఇటుకల ముచ్చట, చెట్ల కింద పులిహోర, ఆ తర్వాత చెరువులో బోటు షికారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక గుడి గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. పక్కనే ఉన్న చెరువు గురించి మాత్రం పిల్లలకు ఎవరూ నోరు విప్పి నాలుగు ముక్కలు చెప్పరు. పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లిన రోజు చెరువే వాళ్లకు పాఠం కావాలని నా అభిప్రాయం. ఆ పాఠం కోసం ముందే కసరత్తు చేసిన బడి పిల్లల్ని క్షేమంగా ఇంటికి చేర్చడంలోనూ ముందుంటుంది. ఈ రెండూ వేర్వేరు పనులు అనుకోవడం వల్లే చిక్కంతా వస్తోంది.

ఆ పాఠంలో ఎంత సరుకుందో చూడండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడు. పక్కనున్న ఈ చెరువులాగే పాకాల, లక్నవరం చెరువులు కూడా కాకతీయుల కాలానివే. నాలుగు నెలల వానను ఏడాది పంటకు దాచుకోవాల్సిన నేల ఇది. అందుకే గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి, పారిపోయే నీటిని ఆపారు. పిల్లల్ని కట్ట మీద నిలబెట్టి ముందు ఒకవైపు, తర్వాత రెండోవైపు చూడమంటే చాలు. ఒకపక్క నీళ్లు ఎత్తులో ఉంటాయి, రెండోపక్క పొలాలు బాగా పల్లంలో ఉంటాయి. మోటారు లేకుండా వరి ఎలా పండిందో ఏడో తరగతి పిల్ల తనంతట తనే చెప్పేస్తుంది. లోపలి వాలున రాళ్లెందుకు పేర్చారని అడిగితే, అలల తాకిడికి మట్టి కోసుకుపోకుండా అని ఎవరో ఒకరు పట్టేస్తారు. తూము తెరిస్తే నీళ్లు కాలువలోకి పోతాయి. చెరువు నిండితే మత్తడి దూకుతుంది. ఆ మత్తడే లేకపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లి, ఒక్క రాత్రిలో కట్ట తెగుతుంది. పూడిక పేరుకుంటే నీటి నిల్వ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టింది ఇలాంటి చెరువులను బాగు చేసుకోవడానికే. భౌతికశాస్త్రం, చరిత్ర, వ్యవసాయం ఒకే కట్ట మీద దొరికే చోటు ఇంకోటి చూపించడం కష్టం.

ఇక పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలంటే ఉండే భయం సంగతి. అది ఊరికే పుట్టిన భయం కాదు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది పిల్లల్ని పోగొట్టుకున్నాం. 2024 జనవరిలో వడోదరలోని హరణి సరస్సులో విహారానికి వెళ్లిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు పడవ బోల్తాపడి చనిపోయారు. పడవలో పరిమితికి మించి ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. ఆ నీళ్లు ఎప్పుడు పెరుగుతాయి, ఆ పడవ ఎంతమందిని మోస్తుంది అన్నవి ముందే అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్నలు. చెరువును పాఠంగా చెప్పదలచిన టీచరు వాటిని ఎలాగూ అడుగుతుంది. వారం ముందే వెళ్లి చేపలు పట్టేవాళ్లతో కట్ట పొడవునా నడిస్తే, లోతు ఎక్కడ మొదలవుతుందో, మత్తడి రాళ్ల మీద పాచి ఎంత జారుతుందో, తూము నడుస్తున్నప్పుడు నీళ్లు ఎట్లా లోపలికి లాగుతాయో తెలుస్తుంది. చేతిలో పని ఉన్న పిల్లవాడు నీళ్లవైపు పరుగెత్తడం కూడా తక్కువే.

ఇన్ని తంటాలెందుకు, మానేస్తే పోలేదా అని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్ల ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. ఎండాకాలం సెలవుల్లో పెద్దవాళ్లు ఎవరూ లేకుండా చెరువుల్లో, క్వారీ గుంతల్లో దిగిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. బడి ఈ యాత్ర మానేసినంత మాత్రాన పిల్లలు నీళ్ల దగ్గరికి పోకుండా ఉండరు. నీటి తీరు తెలియకుండా పోతారు, అంతే. పల్లెటూరి పిల్లలకు చెరువు కొత్తా అనేది ఇంకో మాట. ఈత వాళ్లకు వచ్చి ఉండవచ్చు, కట్ట ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెప్పినవాళ్లు ఉండరు. పైగా ఆ రోజు పట్నం పిల్లలకు పాఠం చెప్పగలిగేది వాళ్లే. సిలబస్ వెనకబడుతుందన్న అభ్యంతరానికి పెద్దగా బలం లేదు. బడి చదువును బయటి జీవితంతో కలపాలని 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రమే చెప్పింది.

కాబట్టి ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. మత్తడి దూకే రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లకండి, ఆ సందడి టీవీలో చూపించండి. వానలు తగ్గి, చెరువులో నీళ్లు నిలకడగా ఉండే డిసెంబరు, జనవరి నెలలు ఎంచుకోండి. పదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషిని పెట్టండి. బస్సు దిగినప్పుడూ ఎక్కినప్పుడూ పేర్లు పిలవండి. బోటు ఎక్కించాలంటే ప్రతి పిల్లవాడికీ లైఫ్ జాకెట్ కట్టించండి, లేకపోతే బోటు వద్దనండి. మిగిలిన సమయమంతా కట్ట మీద గడపండి.