పెరటి కప్పు రేకు: అడుగు ధర కాదు, తూకం చూడాలి

ఇంటి వెనుక ఖాళీ జాగాకు వాన కారని, వెలుతురు మాత్రం ఆగని కప్పు తక్కువ ఖర్చులో కావాలని అడిగే గృహస్థులు వేసవి ముంగిట రేకుల దుకాణాలకు రావడం మామూలే. పూర్వం బెంగుళూరు పెంకుల కప్పులో అక్కడక్కడ ఒక గాజు పెంకు పొదిగి వెలుతురు తెచ్చుకునేవారు. తరువాత ఫైబర్‌గ్లాస్ రేకు, ఆ తరువాత పాలికార్బొనేట్ రేకు వచ్చాయి. సరుకు మారినా బేరం మాత్రం చదరపు అడుగు ధర మీదనే సాగుతున్నది. కొన్నవాని డబ్బుకు, అమ్మినవాని పరువుకు చేటు వచ్చేది ఇక్కడే.

మందం చెప్పని నిజం

రెండు పొరల పాలికార్బొనేట్ రేకు లోపల బోలుగా ఉంటుంది. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్య సన్నని నిలువు గోడలు, అంతే. పొరలను, గోడలను పలచన చేసినా రేకు మందం తగ్గదు. కనుక 6 మిల్లీమీటర్లని కొలత చూపినంత మాత్రాన అందులో సరుకెంతో తెలియదు. గుట్టు బయటపెట్టేది కాటా ఒక్కటే.

మేలురకం 4 మి.మీ. రేకు చదరపు మీటరుకు సుమారు 0.8 కిలో, 6 మి.మీ. రేకు 1.3 కిలోలు, 10 మి.మీ. రేకు 1.7 కిలోలు తూగుతాయి. ఆ లెక్కన 2.1 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గల 6 మి.మీ. రేకు 16 కిలోల పైచిలుకు ఉండాలి. 12 కిలోలకే ఆగిపోయే రేకు అడుగుకు రూపాయి తక్కువకు వచ్చినా కిలో లెక్కన ఖరీదైనదే కావచ్చును. బోలు లేని గట్టి రేకుకు లెక్క మరీ సులువు: చదరపు మీటరుకు మిల్లీమీటరు మందానికి 1.2 కిలోలు.

ఎండ ముఖం

పాలికార్బొనేట్‌ను 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్ విడివిడిగా కనుగొన్నారు. గాజు కంటే తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది. అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే పచ్చబడి పెళుసెక్కుతుంది. అందుకే పైముఖాన రక్షణ పొర వేస్తారు. చాలా రకాలకు ఈ పొర ఒకవైపే ఉంటుంది. ఏది పైవైపో అంటించిన ఫిల్ము మీద అచ్చువేసి ఉంటుంది. తిరగేసి బిగిస్తే మేలురకం కూడా నాసిరకమే. ముక్కలుగా కోసి అమ్మేటప్పుడు ఆ గుర్తు పోకుండా చూడవలసిన బాధ్యత దుకాణదారునిదే.

ఒక్క రేకుతో కప్పు

తొమ్మిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల పెరటికి పైన చెప్పిన రేకు ఒక్కటి చాలును. అడ్డంగా సగానికి కోస్తే మూడేసి మీటర్ల ముక్కలు రెండు వస్తాయి. రెండూ పక్కపక్కన పరిస్తే పొడవున పన్నెండడుగులు నిండి, చూరుకు ముప్పాతిక అడుగు మిగులుతుంది. పదడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇవ్వాలి. రేకులోని కాలువలు వాలు వెంటే దిగాలి. పైకొసను అల్యూమినియం టేపుతో మూసి, కిందికొసకు గాలి ఆడే టేపు వేయాలి. లేకుంటే లోపల చెమ్మ నిలిచి పాచి పడుతుంది.

నలభై డిగ్రీల వేడి తేడాకు మూడు మీటర్ల ముక్క దాదాపు 8 మి.మీ. సాగుతుంది. స్క్రూ కంటే రంధ్రం పెద్దదిగా ఉండాలి, రబ్బరు వాషరు వేయాలి, బిగుతు మించరాదు. పుల్లని వాసన వచ్చే సిలికాన్, మెత్తని పి.వి.సి. ఈ సరుకుకు పడవు. ఆధారపు పైపుల మధ్య దూరం తయారీదారు పట్టికకు మించకూడదు. తుఫాను గాలులుండే కోస్తా జిల్లాలలో ఇంకా దగ్గరగా వేయడం మేలు. మన ఎండలకు తెల్లని పాల రంగు రేకు పారదర్శక రకం కంటే సుఖం.

అంత పెట్టలేనివారికి

మొత్తం కప్పు వెలుతురు రేకే కానక్కరలేదు. జింకు రేకుల మధ్య అదే అలల ఫైబర్‌గ్లాస్ రేకు ఒకటి రెండు కలిపితే పెరటికి పగటి వెలుగు చాలును. ఈ రకానికి భారత ప్రమాణం ఐ.ఎస్. 12866 ఉన్నది. కాలం గడిచేకొద్దీ పైన రెజిన్ అరిగి గాజు పోగులు తేలుతాయన్న సంగతి మాత్రం కొనేవారికి ముందే చెప్పాలి.

పాలికార్బొనేట్ ముడిసరుకు పెట్రోలియం నుండి వచ్చేది, ఎక్కువగా దిగుమతి అయ్యేది. ముడిచమురు, డాలరు కదిలితే రేకు ధరా కదులుతుంది. ధర పెరిగినప్పుడే తూకం తగ్గించిన సరుకుకు ఆశపుడుతుంది. బిల్లు మీద మందంతో పాటు చదరపు మీటరు తూకం, రక్షణ పొర, హామీ కాలం రాసి ఇచ్చే వర్తకునికి అప్పుడు ఒకటి రెండు బేరాలు పోవచ్చును. నాలుగేళ్లకు పచ్చబడిన రేకు పట్టుకుని వచ్చి నిలదీసేవారు మాత్రం ఉండరు.