ఆంప్లిఫయరుకు తగిన స్పీకర్లు

పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు మన పెద్దలు ముందు గోత్రం అడుగుతారు. ఆస్తిపాస్తుల మాట తరువాత. స్పీకర్లు కొనేటప్పుడు మాత్రం మనవాళ్ళు తిన్నగా ఆస్తి దగ్గరకే వెళతారు. "యెన్ని వాట్లండీ?" అన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న అడగవలసినదే గాని, దానికన్న ముందు అడగవలసినది వేరే వున్నది. దాన్ని అడగకపోవడంవల్ల మా యింట్లో జరిగిన నష్టం చెబుతాను.

మా నాన్నగారు వదిలివెళ్ళినవాటిలో ఒక స్టీరియో ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, ఒక పెట్టెడు క్యాసెట్లు వున్నాయి. వాటిలో రెండు క్యాసెట్లు మా నాయనమ్మ పాడిన మంగళహారతులు. పండుగనాడు అవి పెట్టుకుని వినడం మా యింటి ఆచారం. మూడేళ్ళ కిందట సంక్రాంతికి చెన్నపట్నంలోని మా యింటికి చుట్టాలందరూ వచ్చారు. "మామయ్యా, వంటింట్లో అమ్మమ్మకు పాట వినబడటం లేదు. అక్కడకూడా రెండు పెట్టెలు పెడతాను" అన్నాడు మా మేనల్లుడు. చురుకైన కుర్రవాడు. అటక మీది పాత స్పీకర్లు రెండు దించి, తీగలు లాగి, హాల్లో వున్నవాటి మరలకే కలిపేశాడు. ముచ్చటపడ్డానే గాని వద్దని అనలేదు. మా అమ్మ అక్కడ అరిసెలు వత్తుతూ, అత్తగారి గొంతు వింటూ కూర్చున్నది.

గంటసేపు బాగానే మోగింది. తరువాత కాలిన వాసన, బుస్సుమన్న చప్పుడు, అంతే. రిచ్చీ వీధిలో రిపేరు చేసే పెద్దాయన దానిని విప్పకముందే వెనక్కి తిప్పి, "యిక్కడ రాసినది చూశారా సార్?" అని తమిళంలో అడిగాడు. స్పీకరు తీగలు బిగించే మరలపక్కన చిన్న అక్షరాలతో వుంది, 8 ఓములకు తగ్గరాదని. ఆయన వేలితో లెక్కవేసి, "మీరు 4 పెట్టారు" అన్నాడు.

"అన్నీ 8 ఓముల పెట్టెలే గదా, 4 యెలా అయింది?" అన్నాను. అక్కడే వున్నది కిటుకు. ఓం అంటే కరెంటుకు స్పీకరు చూపే అడ్డు. గుడికి ఒకే వాకిలి వుంటే జనం మెల్లగా బయటకు వస్తారు. పక్కనే రెండో వాకిలి తెరిస్తే రెట్టింపు మంది వస్తారు. అడ్డు సగమైనదన్నమాట. అలాగే ఒకే మరలకు 8 ఓముల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే ఆంప్లిఫయరుకు కనబడే అడ్డు 4 ఓములే. మూడు కలిపితే 3 కన్న తక్కువ.

జర్మనీ దేశస్థుడు ఓం 1827లో ప్రకటించిన సూత్రమే యిది. లెక్క చాలా సులువు. ఆంప్లిఫయరు 20 వోల్టులు పంపుతున్నదనుకోండి. 8 ఓముల మీద 2½ ఆంపియర్లు పారుతాయి, 50 వాట్లు. 4 ఓముల మీద 5 ఆంపియర్లు, 100 వాట్లు. చప్పుడు పెరిగిందని మనం సంతోషిస్తాము. లోపల ట్రాన్సిస్టర్లు మాడుతుంటాయి. మా దాంట్లో ఒక ట్రాన్సిస్టరు మాడి అతుక్కుపోయి, నేరు కరెంటు తిన్నగా స్పీకరుమీద పడింది. దానితో నాన్నగారి స్పీకర్లలో ఒకదాని వూఫరు చుట్టకూడా కాలింది. అదృష్టం, క్యాసెట్లు వేరే పెట్టెలో మోగుతాయి గనుక వాటికేమీ కాలేదు.

కొన్ని ఆంప్లిఫయర్లకు ఎ, బి అని రెండు జతల మరలుంటాయి. రెండూ వేర్వేరని భ్రమపడకండి. చాలావాటిలో ఎ, బి రెండూ కలిపి నొక్కితే లోపల పక్కపక్కన కలిసేవే. అందుకే ఒక్క జతకైతే 4 ఓములు చాలునని, రెండు జతలకైతే ఒక్కొక్కటి 8 వుండాలని వాటి మీద రాసివుంటుంది. ఒకదాని వెనక ఒకటిగా కలిపితే 8, 8 చేరి 16 అవుతుంది. ప్రమాదం లేదు గాని మోత తగ్గుతుంది, స్వరంలో తేడాకూడా రావచ్చు.

పాత స్పీకరు మీద అంకె చెరిగిపోతే మీటరు పెట్టి చూడవచ్చు. 8 ఓముల స్పీకరు మీటరులో 6 చిల్లర చూపుతుంది, 4 ఓములది 3 చిల్లర. చెడిపోయిందేమోనని కంగారు పడనక్కరలేదు. మీటరు చూపేది చుట్ట నిరోధం మాత్రమే. పాట మోగేటప్పుడు స్థాయినిబట్టి అడ్డు మారుతూ వుంటుంది.

యిక వాట్ల సంగతి. 50 వాట్ల స్పీకరుకు 100 వాట్ల ఆంప్లిఫయరు పెడితే పేలిపోతుందని చాలామందికి భయం. వాల్యూం అదుపులో వున్నంతవరకు అది నిక్షేపంగా పనిచేస్తుంది. మామూలు గదిలో తీరికగా వినడానికి ఒకటి రెండు వాట్లకు మించి ఖర్చు కాదు. 20 వాట్ల చిన్న ఆంప్లిఫయరును పెళ్ళిపందిట్లోలాగా చివరిదాకా తిప్పడమే అసలు హాని. అది మోయలేక శబ్దతరంగాల శిఖరాలు నరికేస్తుంది. అలా నరికిన తరంగంలో శక్తి రెట్టింపు దాకా పోగలదు, కీచుస్వరాల పాలూ పెరుగుతుంది. ముందు ట్వీటరు పోతుంది. పాట బరబరమన్న క్షణంలోనే తగ్గించాలి. మోత చాలదనుకునేవారు డెసిబెల్ అంకె చూసి కొనండి: 87 అని వున్న పెట్టెకన్న 90 అని వున్నది అంతే మోతకు సగం వాట్లతో సరిపెట్టుకుంటుంది.

తీగలు కలిపేటప్పుడు ఆంప్లిఫయరు ఆపి, ప్లగ్గు తీసివేయండి. మెలిపెట్టిన రాగితీగలో ఒక్క వెంట్రుకంత పోగు పక్క మరకు తగిలినా ట్రాన్సిస్టరుకు గండమే. యెరుపుకు యెరుపు, నలుపుకు నలుపు తప్పవద్దు. ఒకటి తారుమారైతే కాలదు గాని బరువైన స్వరాలు పలచబడిపోతాయి. వాల్వుల సెట్టు దాచుకున్నవారికి ఒక హెచ్చరిక: దాన్ని స్పీకరు లేకుండా మోగించకూడదు, లోపలి ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది.

సంఘం హాళ్ళలో, గుళ్ళలో వాడే పెద్ద సెట్ల సంగతి వేరు. తీగలు చాలా దూరం పోవాలి గనుక వాటిలో చాలావాటికి 100 వోల్టుల లైను పద్ధతి వుంటుంది. ఒక్కొక్క గొట్టానికీ చిన్న ట్రాన్స్‌ఫార్మరు వుంటుంది. ఆ లైనుకు యింటి స్పీకరు తగిలిస్తే, 8 ఓముల మీద లెక్కప్రకారం 1250 వాట్లు. ఆంప్లిఫయరు అంత యివ్వలేకపోయినా, యిచ్చినంతతోనే స్పీకరు మసి అవుతుంది. వుత్సవాలనాడు యింటినుంచి పెట్టెలు మోసుకువచ్చే వుత్సాహవంతులు యిది గుర్తుంచుకోవాలి.

మా ఆంప్లిఫయరు బాగుపడింది. నాన్నగారి వూఫరుకు సరిజోడు దొరకలేదు. వేరే 8 ఓముల జత కొన్నాము. వంటింట్లోకి మళ్ళీ తీగ లాగలేదు. హారతి పాట పెట్టేవేళకు మా అమ్మే చేతులు కడుక్కుని, పీట తెచ్చుకుని హాల్లో కూర్చుంటున్నది.