గోపురం కారు ఎవరిది?

న్యూఢిల్లీ: ద్వీపాలకు పేర్లు మార్చడానికి రాజధానిలో ఒక సభ, ఒక ప్రకటన చాలు. పాత ఛాయాచిత్రం కింద నాలుగు మాటలు నిజాయితీగా వ్రాయడానికి మాత్రం చాలా శ్రమ పడాలి. 2018 డిసెంబరు 30న రాస్ ద్వీపానికి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పేరు పెట్టారు. నీల్, హావ్‌లాక్ ద్వీపాలు షహీద్, స్వరాజ్ ద్వీపాలైనాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. ఈ పేర్ల సందడిలో ఒక ఛాయాచిత్రం నా బల్ల మీదికి వచ్చింది. అండమాన్‌లో స్థిరపడిన ఒక శ్రీకాకుళం కుటుంబం దానిని భద్రంగా దాచుకున్నదట. కొబ్బరిచెట్ల నీడలో ఉక్కు రేకులు తొడిగిన సైనిక శకటం. వెనుక పెన్సిలుతో "ఆజాద్ హింద్ ఫౌజు కారు, పోర్ట్ బ్లెయిర్" అని వ్రాసి ఉంది. ఈ వ్రాతతోనే దానిని ఒక స్మారక సంచికలో అచ్చు వేయవచ్చునా అన్నది, తెచ్చిన మిత్రుని ప్రశ్న.

శిరస్త్రాణం వంటి గోపురం

సైనికులు ఆర్మర్డ్ కారు అని పిలిచే ఈ శకటాలను పోల్చుకోవడానికి మొదట చక్రాలు లెక్కపెట్టాలి. జపాన్‌లో తయారైన సుమిడా కారుకు ఆరు చక్రాలు. వాటిని మార్చి రైలు పట్టాల మీద కూడా నడిపేవారు. చిత్రంలోని దానికి ఉన్నవి రెండే ఇరుసులు. కనుక అది సుమిడా కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలోనే తయారైన మరొక శకటం ఉంది. కెనడా ఫోర్డు చట్రానికి టాటా ఉక్కు రేకులు తొడిగిన ఆ బండికి సైనికులు "టాటానగర్" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. దాని నడినెత్తిన గుండ్రని గోపురం ఉండదు. మన చిత్రంలోని శకటానికి ఉన్న విశేషమల్లా ఆ గోపురమే. బోర్లించిన శిరస్త్రాణం వలె ఉండి, దానిలో నుండి మరతుపాకులు బయటికి తొంగిచూస్తున్నవి.

ఈ ఆకారం 1920లలో తయారైన వికర్స్-క్రాస్లీ కారుది. క్రాస్లీ కంపెనీ చట్రం మీద వికర్స్ కంపెనీ కవచం తొడిగింది. వాయవ్య సరిహద్దు కొండల్లో పై నుండి పడే తూటాలు గుండ్రని ఉక్కు మీద జారిపోవాలన్నది దాని నిర్మాతల ఆలోచన. ఎండవేడికి లోపలివారు మాడిపోకుండా ఆస్బెస్టాస్ పొర కూడా వేశారు.

బ్రిటిష్ ఇండియా సైన్యపు కారు గనుక ఇది బ్రిటిష్ వారిదేనని తీర్పు చెప్పబోయే వారికి ఇక్కడే చిక్కు వస్తుంది. అదే రకం కారును జపాన్ కూడా కొనుగోలు చేసింది. 1932లో షాంఘై వీధుల్లో జపాన్ నౌకాదళ సైనికులు తిరిగింది ఈ గోపురం కార్లలోనే. అద్దె పందిరిని చూసి పెళ్ళివారెవరో చెప్పలేము గదా!

అధికారం ఎవరి చేతిలో?

కారు జాతి తెలిసింది. ఇక పెన్సిలు వ్రాతను పరీక్షించవలసింది చరిత్రతోనే. జపాన్ సేనలు 1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. నేతాజీ 1943 డిసెంబరు 29న వచ్చి, మర్నాడు జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. మన గుండెలు ఉప్పొంగే ఘట్టం అది. అయితే 1944 ఫిబ్రవరిలో ఆయన ప్రతినిధిగా వచ్చిన లోగనాథన్ వెంట ఉన్నది వేళ్ళ మీద లెక్కించదగిన అధికారులు మాత్రమే. గూఢచర్యం కేసుల దర్యాప్తు సాగుతున్నదన్న సాకుతో పోలీసు శాఖను జపాన్ వారు ఆయనకు అప్పగించలేదు. చివరకు ఆయన చేతికి వచ్చింది విద్యాశాఖ ఒక్కటే. ఠాణా మీదనే అధికారం లేనివారికి కవచ శకటాలు ఎక్కడివి?

ఆ గూఢచర్యం కేసులు ఎటువంటివో ద్వీపవాసులకు తెలుసు. స్థానిక ఇండియన్ ఇండిపెండెన్స్ లీగు నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ జపాన్ వారి చిత్రహింసలకు గురియై 1944 జనవరి 14న మరణించాడు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మంది పౌరులను కాల్చి చంపారు. పతాకం ఎగిరి అప్పటికి సరిగ్గా నెల.

అందుచేత పెన్సిలు వ్రాతను నిరపాయమైన దేశభక్తిగా తీసివేయడానికి వీలులేదు. ఆయుధబలం ఆజాద్ హింద్ చేతిలో ఉన్నదని మనమే వ్రాస్తే, హంఫ్రీగంజ్ నెత్తురు కూడా దాని చేతికే అంటుతుంది. లోగనాథన్ నిస్సహాయత నేరంగా మారుతుంది. అసలు నేరస్థుడు చిత్రం నుండి మాయమవుతాడు. కాబట్టి చిత్రం కింద "వికర్స్-క్రాస్లీ ఆర్మర్డ్ కారు" అని మాత్రమే వేసి, పెన్సిలు మాటలను వెనుక దొరికిన వ్రాతగా విడిగా ముద్రించాలని నా సలహా.

జపాన్ అధికారులు 1945 అక్టోబరులో బ్రిగేడియర్ సాలమన్స్‌కు లొంగిపోయారు. అంతకుముందే పరిపాలనా పత్రాలను చాలావరకు తగులబెట్టారు. కాగితాలు బూడిదైన చోట కుటుంబాల ఆల్బములే సాక్ష్యం చెప్పాలి. 2011 జనగణన లెక్కన ద్వీపవాసుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఆ ఇళ్ళ పెట్టెల్లో ఇటువంటి చిత్రాలు ఇంకెన్ని ఉన్నవో! జనపథ్‌లోని జాతీయ అభిలేఖాగారం వారు పడవెక్కి వెళ్ళి వాటి నకళ్ళు తీయించాలి; వాటి కథ చెప్పగల వృద్ధుల మాటలనూ నమోదు చేయించాలి. మన తెలుగు పార్లమెంటు సభ్యులు ప్రశ్నోత్తరాల సమయంలో ఈ సంగతి ఒకసారి అడిగితే, పేర్ల మార్పుకు పట్టిన కాగితం కంటే ఎక్కువ ఖర్చు కాదు.