వలస విధానంలో చిక్కులు: బర్మా తెలుగువారి ఉదాహరణ

కూచిపూడి నుంచి హైదరాబాదుకు పనికోసం వెళ్ళే కూలీకి ఎవరి అనుమతీ అక్కరలేదు. 1937 మార్చి 31 వరకు రంగూన్ ప్రయాణం కూడా చట్టం దృష్టిలో ఇటువంటిదే. అప్పటివరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. మర్నాడు అది వేరు పాలన కిందికి పోయింది. అదే రేవులో అదే పని చేస్తున్న మనిషి పరాయి దేశస్థుడయ్యాడు. ఈ భాగంలో మీరు పరిశీలించవలసిన సమస్య ఇదే.

తెలుగు కూలీలు ఎక్కువగా విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళేవారు. రంగూన్‌ను వారు ‘రంగం’ అనేవారు. కోరంగి రేవు పేరుమీద అక్కడివారు వీరిని ‘కోరంగీలు’ అన్నారు. ఆ పిలుపులో కొంత చిన్నచూపూ ఉంది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకువెళ్ళేవాడు. బియ్యం మిల్లుల్లో, రేవులో కొన్నేళ్ళు పనిచేసి ఇంటికి వచ్చేవారు, మళ్ళీ వెళ్ళేవారు. అంటే వీరు అక్కడ స్థిరపడినవారు కారు, అక్కడికి కొత్తవారూ కారు. విధానకర్తలకు చివరిదాకా కొరుకుడుపడనిది ఈ వచ్చిపోయే కూలీయే.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మావారిని పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే తెలుగువారిని తిరిగి తీసుకుని, బర్మావారిని పొమ్మన్నారు. అల్లర్లు చెలరేగాయి, చనిపోయినవారిలో ఎక్కువమంది తెలుగువారు. దీన్ని జాతివైరంగా మాత్రమే చదివితే పొరపాటు. ఇద్దరు పేదల మధ్య కూలిరేటు పెట్టిన పోటీ అది. అయితే బర్మావారి అసంతృప్తి కూడా కల్పితం కాదు: 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

1941 జూన్‌లో ఉభయ ప్రభుత్వాలు వలస ఒప్పందం చేసుకున్నాయి. ప్రవేశానికి పర్మిట్లు పెట్టారు, నైపుణ్యం లేని కూలీల రాకను ఆపేశారు. గాంధీజీ దీన్ని తీవ్రంగా విమర్శించారు. ఒప్పందం పూర్తిగా అమలుకాకముందే, డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది అడవులగుండా నడిచి ఇండియాకు బయలుదేరారు. దారిలోనే ప్రాణాలు పోయినవారు వేలల్లో ఉన్నారు.

1948లో స్వతంత్ర బర్మా పౌరసత్వ చట్టాలు చేసింది. దరఖాస్తు, నివాసానికి రుజువు కావాలి. చదువురాని కూలీ దగ్గర అవి ఎక్కడివి? విదేశాల్లోని భారతీయులు ఏదో ఒక పౌరసత్వం ఎంచుకోవాలని ఢిల్లీ చెబుతూ వచ్చింది. సూత్రంగా అది సబబే, కాగితాలు లేనివాడికి మాత్రం అది ఎంపిక కాదు. 1962లో నే విన్ అధికారానికి వచ్చాక వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 నుంచి ఓడల్లో తిరిగి వచ్చినవారికి భారత ప్రభుత్వం పునరావాసం కల్పించింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు మీరు వినే ఉంటారు.

అభ్యాసం: 1941 ఒప్పందంలో వచ్చిపోయే కూలీకి ఏం మిగిలింది? కువైట్ వెళ్ళే పనివారికి 1983 నాటి వలస చట్టం కల్పించిన రక్షణలతో పోల్చి పది వాక్యాల్లో రాయండి.